మూడు కుంకుమ రాళ్ళు

వడమాలపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో బోరు వేయాలన్నా ముందు మునిరామయ్యకు కబురు వెళ్ళేది. ఆయన పని నీళ్ళు చూడటం. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి, చేలో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తాడు. కింద జల ఉన్న చోట కాయ తనంతట తానే లేచి నిలబడుతుందట. అక్కడ మూడు రాళ్ళు పెట్టి, పసుపు కుంకుమ పూసి, కర్పూరం వెలిగించి, అదే కాయ కొడతాడు. దాన్నే మా వైపు పాయింటు పెట్టడం అంటారు. ఆ తర్వాత మా బండి వస్తుంది.

మా బండి అంటే బోరు బండి. నా పేరు జయరావు, ఊరు నగరి, పద్నాలుగేళ్ళుగా డ్రిల్లర్ని. టెంకాయ లేవడం మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆయన పాయింట్లలో నీళ్ళు పడినవీ చూశాను, మూడు వందల అడుగులు దిగినా వట్టి దుమ్ము లేచినవీ చూశాను. నా నోరు ఊరుకునే రకం కాదు. "మునిరామన్నా, ఆ కాయ నాకిచ్చేయ్, చట్నీకన్నా పనికొస్తాది" అని పదిమందిలో అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కోపం తెచ్చుకోవడం చేతకాని మనిషి. నాకేమో అదే ఇంకా ఒళ్ళు మండించేది.

2001లో మా యజమాని గిరిప్రసాద్ చెన్నైలోని ఒక కంపెనీ తరఫున పెద్ద పని ఒప్పుకున్నాడు. సముద్రం అవతల లుంబారా అనే దేశంలో రెండు వందల బోర్లు వేయాలి. ఆ దేశంలో జనం తిరగబడి రాజును దించేశారు. దించినవాళ్ళు రెండు ముక్కలై పదహారేళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. ఎట్టకేలకు కొత్త సర్కారు ఏర్పడి, అడవుల్లోకి పారిపోయినవాళ్ళను తిరిగి ఊళ్ళకు రమ్మంటోంది. వచ్చినవాళ్ళకు తాగడానికి నీళ్ళు లేవు. బావులన్నీ యుద్ధంలో పూడ్చేశారు.

గిరిప్రసాద్ పాయింటు పెట్టకుండా బోరు దించే మనిషి కాదు. కంపెనీ ఇంజనీర్లు ఎన్ని మ్యాపులు చూపించినా వినలేదు. మునిరామయ్యకు కూడా పాస్‌పోర్టు చేయించాడు. అలిపిరి నుంచి కొండకు నడవడం తప్ప ఇంకో ఎత్తు ఎరగని మనిషి యాభై రెండేళ్ళ వయసులో విమానం ఎక్కాడు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో కుంకుమ బరిణె పెట్టుకున్నాడు. ఆయన భార్య కుప్పమ్మ దాన్ని నిండా నింపి పంపింది.

లుంబారాలో మాకు తోడుగా తోమే అనే అతన్ని ఇచ్చారు. యుద్ధం రోజుల్లో చెన్నైలో కాలేజీ చదివినవాడు. అరవం బాగా మాట్లాడేవాడు. మేమూ సరిహద్దు మనుషులమే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. మొదటి రోజే ఊరి బయట మమ్మల్ని నిలబెట్టి నేలను చూపించాడు. ఊరికీ వాగుకూ మధ్య నాలుగెకరాల బీడు. దానికి రెండు వైపులా వరసగా తెల్ల రంగు పూసిన రాళ్ళు. వాటి అవతల అక్కడక్కడా ఎర్ర రాళ్ళు.

"తెల్ల రాళ్ళ లోపల మందుపాతరలు తీసేశారు, నడవొచ్చు" అన్నాడు. "ఎర్ర రాయి ఉంటే అక్కడ మందుపాతర ఉన్నట్టు. ఎప్పుడైనా మీకు ఎర్ర రాయి ఎదురైందా, ఇక ముందుకూ వద్దు, వెనక్కూ వద్దు. నిలబడ్డ చోటే నిలబడి అరవండి. ఈ దేశంలో నడక నేర్చిన బిడ్డకు మేం మొదట చెప్పేది ఇదే."

మునిరామయ్య శ్రద్ధగా విన్నాడు. నేనూ విన్నాను. ఇద్దరం తలలూపాం.

మర్నాడు పొద్దున ఆయన చెప్పులు విడిచి బీడులో దిగాడు. నేను బండి నీడలో కూర్చుని బీడీ కాలుస్తూ తోమేకు ఈ టెంకాయ వైభవం అంతా వర్ణిస్తున్నాను. అతను పడీపడీ నవ్వాడు. గంట తర్వాత మునిరామయ్య వచ్చి, "పడిందబ్బా, మంచి జల" అన్నాడు. ఆ సాయంత్రం బండి కంప్రెసర్ మొండికేసింది. బోరు మర్నాటికి వాయిదా పడింది. అందరం పైకప్పు లేని బడిలో పడుకున్నాం.

పొద్దున్నే ఊరి వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. ఎవరో పోయారనుకుని పరుగెత్తాం. ఊరు ఊరంతా తెల్ల రాళ్ళ వెంబడి నిలబడి ఉంది. ఎవరూ లోపల అడుగు పెట్టడం లేదు. బీడు మధ్యలో ఒక ఆడమనిషి తల మీద కుండతో, కదలకుండా నిలబడి ఉంది. కడుపుతో ఉంది.

"పేరు సెలా. ఏడో నెల" అన్నాడు తోమే. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చీకటితోనే వాగుకు పోయి నీళ్ళు తెస్తోంది. నిన్న లేని ఎర్ర రాళ్ళు దారిలో కనిపించాయట. మూడు. రాత్రికి రాత్రి ఎవరో మళ్ళీ మందుపాతరలు పెట్టారంటున్నారు. యుద్ధం మళ్ళీ మొదలైందని ముసలివాళ్ళు ఏడుస్తున్నారు."

మూడు రాళ్ళు. పక్కకు తిరిగి చూస్తే మునిరామయ్య నోరు తెరిచి ఆ రాళ్ళ వైపే చూస్తున్నాడు.

ఎవరైనా అడగొచ్చు, అంత వివరంగా చెప్పినా మీకు బుద్ధి లేదా అని. నేనూ నన్ను ఎన్నోసార్లు అడుక్కున్నాను. మాకు కుంకుమ ఎర్ర రంగు కాదండీ, కుంకుమ. పుట్టినప్పటి నుంచి నీళ్ళ కోసం రాయికి పూసేదాన్ని చూసి, మనిషిని చంపే గుర్తని ఎట్లా తోస్తుంది? నాకు తట్టలేదు, ఆయనకు తట్టలేదు.

"నేను సేసినానప్పా ఇది" అన్నాడు మునిరామయ్య. "నా సేతులారా సేసినాను. సెప్పు తోమేకు, ఆడ ఏమీ లేదని సెప్పు."

తోమే తుపాకి పట్టుకున్న కాపలా సిపాయికి చెప్పాడు. సిపాయి నమ్మలేదు. నీళ్ళ కోసం రాళ్ళకు ఎరుపు పూసేవాళ్ళు ఎక్కడుంటారు? మందుపాతరలు తీసే బృందం వేరే జిల్లాలో ఉంది. రేపు వస్తారు. అప్పటిదాకా ఎవరూ లోపలికి పోకూడదు. అంతే.

"రేపా? ఆ బిడ్డ ఎండలో రేపటిదాకా నిలబడుకోని ఉంటాదా?" అని నేను అరిచాను. నా తెలుగు ఎవరికీ అర్థం కాకపోయినా కోపం అర్థమైంది. సిపాయి తుపాకి నా వైపు తిప్పాడు.

సెలా వాళ్ళమ్మ గట్టున కూర్చుని, కదలొద్దు కదలొద్దు అని అరుస్తోంది. ఆ మాట ఒక్కటి నాకు అప్పటికే అర్థమవుతోంది. సెలా మోకాళ్ళు వణకడం ఇంత దూరానికీ కనిపిస్తోంది. పడిపోతే ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు.

"నేను పోతా" అన్నాడు మునిరామయ్య.

"యాడికి పోతావు?" అని చెయ్యి పట్టుకున్నాను. "నిన్న నువ్వు నడిసిన దారి గుర్తుండాదా నీకు?"

"కాయ మీద కన్ను పెట్టినోన్ని, దారి యాడ సూస్తా? నువ్వు సూసినావు గదా, సెప్పు. యాన్నుంచి యాడికి నడిసినాను?"

నేను చూడలేదు. నేను ఆయన్ను వెక్కిరిస్తూ, తోమేను నవ్విస్తూ కూర్చున్నాను. ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటే చాలు. సిగ్గుతో చచ్చిపోయాను, చూడలేదన్నా అని చెప్పడానికి. ఇంకో సంగతి కూడా నా నోటి దాకా వచ్చి ఆగింది. నెల కిందట పక్క ఊళ్ళో తెల్ల రాళ్ళ లోపలే ఒక ఎద్దు పేలిపోయిందని తోమే నాతో చెప్పాడు. అది ఆయనకు చెప్పలేదు. చెప్పినా ఆగేవాడు కాదు.

ఆయన సంచిలో నుంచి బరిణె తీసి సిపాయి ముందు తెరిచాడు. కొంచెం తన నుదుటికి పెట్టుకున్నాడు. సిపాయి వేలు ముంచి, వాసన చూసి, తోమే ముఖం చూశాడు. ఏం తోచిందో, తుపాకి దించి పక్కకు జరిగాడు. మునిరామయ్య చెప్పులు విడిచి, తెల్ల రాయి దాటాడు.

గట్టున ఏడుపులు ఆగిపోయాయి. ఆయన కాలు ఎత్తినప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను, దించాక తెరిచాను. మూడు రాళ్ళ దాకా నలభై అడుగులు. అక్కడికి చేరి, చతికిలబడి, ఒక్కో రాయినీ ఎత్తి కింద మట్టి అందరికీ చూపించాడు. ఏమీ కాలేదు. తువ్వాలతో తుడిచాడు. కుంకుమ పోలేదు, ఇంకా పట్టింది.

అక్కడి నుంచి సెలా దాకా ఇంకో ఇరవై అడుగులు. ఆ నేల ఆయన నిన్న తొక్కిందో లేదో దేవుడికే తెలియాలి. ఆయన లేచి నడిచాడు. ఆమె రావద్దని కేకలు పెట్టింది. కుండలో నీళ్ళు ఆమె భుజాల మీద చిందాయి. నాలుగడుగుల దూరంలో ఆయన ఆగి, కాలి దగ్గరి చిన్న రాయి ఒకటి ఏరి, దాన్నీ బరిణెనూ చూపించాడు. ఆమె చూస్తుండగానే రాయికి కుంకుమ పూశాడు. తర్వాత తన బుగ్గలకు పూసుకున్నాడు, చేతులకు పూసుకున్నాడు. ఆమె అరుపు ఆగింది. బరిణె వైపు, మూడు రాళ్ళ వైపు, ఆయన ముఖం వైపు మార్చి మార్చి చూసింది.

ఆయన మెల్లగా ఆమె తల మీద కుండ దించి తన భుజానికెత్తుకున్నాడు.

"తొందర పడబాకు తల్లీ. నా అడుగులో అడుగెయ్యి" అన్నాడు, మన భాషలోనే.

ఆమెకు ఒక్క ముక్క తెలియదు. అయినా ఆయన పాదం ఎత్తిన గుర్తులో తన పాదం పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి అందుకోగలిగేంత చిన్న అడుగులు వేశాడాయన. అరవై అడుగుల నేల దాటడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. తెల్ల రాయి దాటగానే సెలా వాళ్ళమ్మ బిడ్డను పట్టుకుని భోరుమంది. తర్వాత లేచి వచ్చి, మునిరామయ్య చెంప ఛెళ్ళుమనిపించింది. నేను అడ్డం పోబోతే ఆయనే ఆపాడు.

"కొట్టనీ అబ్బా. కొట్టాల్సిందే."

మర్నాడు బృందం వచ్చి బీడంతా వెతికింది. ఏమీ దొరకలేదు. అదే పాయింటులో నూట ఎనభై అడుగులకు నీళ్ళు పడ్డాయి. నేను డ్రిల్లర్ని, ఉన్నది చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఊరంతా తడిసి గంతులేసింది. సెలా కూడా వచ్చి దోసిలి పట్టింది. మునిరామయ్య మాత్రం బడిలోనే కూర్చున్నాడు, రమ్మన్నా రాలేదు. ఇక పాయింటు పెట్టనన్నాడు, మిగతా బోర్లు ఇంజనీర్ల మ్యాపుల ప్రకారమే వేశాం. తిరుగు విమానంలో కుంకుమ బరిణె నా చేతిలో పెట్టి, "ఇది నీకాడ పెట్టుకో" అన్నాడు. ఎందుకని అడగలేదు. అంతకుముందైతే ఏదో ఒక ఎగతాళి మాట అనేవాణ్ణి.

వడమాలపేటలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. ఆయన్ను ఇంటి దాకా దిగబెట్టి నగరి పోదామని నేనూ దిగాను. వీధి వీధంతా వాకిలి ముందు చేరింది. కుప్పమ్మ పళ్ళెంలో పసుపు సున్నం కలిపిన నీళ్ళతో ఎదురొచ్చింది. దూరదేశం పోయి వచ్చిన మొగుడికి దిష్టి తీయకుండా ఏ ఇల్లాలు లోపలికి రానిస్తుంది? మూడుసార్లు తిప్పి, ఆ నీళ్ళు గడప ముందు అడ్డంగా పోసింది. ఎర్రటి నీళ్ళు మట్టిలో పారాయి.

"రాయ్యా లోపలికి" అంది.

మునిరామయ్య రాలేదు. ఆ ఎరుపు చూస్తూ నిలబడిపోయాడు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. ఆ బీడులో సెలా కూడా ఇట్లాగే నిలబడిపోయిందని అక్కడ నాకొక్కడికే తెలుసు.

"ఏమయ్యో, దొరల దేశం పోయొచ్చి మన గడప మరిసిపోయినావా?" అని ఎవరో అన్నారు. జనం నవ్వారు. నా జేబులో బరిణె ఉంది, నోట్లో చెప్పాల్సిన మాట ఉంది. ఆ రోజు గట్టున నిలబడినట్టే ఈ రోజూ నిలబడ్డాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

కుప్పమ్మ నవ్వలేదు. ఆయన పాదాల వైపు చూసింది. పళ్ళెం అరుగు మీద పెట్టి, తడి మట్టిలోకి దిగి, ఆ ఎర్ర నీళ్ళు తొక్కుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమెకు లుంబారా తెలియదు, సెలా తెలియదు, మూడు రాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

"తొందరేం లేదు" అంది. "నా అడుగులో అడుగేసుకోని రా."

ముందు ఆమె నడిచింది. మునిరామయ్య తల వంచుకుని, ఆ తడి మట్టిలో పడిన ఆమె పాదాల గుర్తుల్లో ఒక్కొక్కటిగా తన పాదం పెడుతూ గడప దాటాడు.