అభిరామి కొట్టిన రక్తపింజర

సత్రపట్టిలో బండరాయి పగలగొట్టి మొదట నీళ్లు చూసిన బావి నాది. చుట్టుపక్కల పత్తి ఎక్కువ పండిన చేనూ నాదే. చదువు అయిదో తరగతితో ఆగినా పంచాయతీలో ఈ కృష్ణసామి మాటకు ఎదురు లేదు. అలాంటి నేను మెచ్చిన మనిషి మా తమ్ముడి కోడలు అభిరామి. చోళపురం పిల్ల. పెళ్లికి ముందు రాజపాళయం మిల్లులో పనిచేసింది. చెయ్యి చురుకు.

పత్తికి నీళ్లు కడుతుంటే ఆమె కాలి పక్కనే రక్తపింజర బుసకొట్టింది. అప్పటికి ఆమెకు అయిదో నెల. కడుపుతో ఉన్నది పామును చంపితే కడుపు నిలవదని మావాళ్ల నమ్మకం. అభిరామి ఆగలేదు. పారతో తల చితక్కొట్టింది. నడుము తెగేదాకా కొట్టింది. పొట్ట పగిలి, నెత్తుటితో పాటు తెల్లగా, పొడుగ్గా, మెలికలు తిరుగుతూ ఏవో బయటపడ్డాయి.

"అయ్యయ్యో, పిల్లల్తో ఉన్న పామును చంపినావే పాపీ! నా మనవడిని మింగేసినావే!" అంటూ ఆమె అత్త గురువమ్మాళ్ గట్టు మీది పత్తికట్టె తీసి వీపున బాదింది. కట్టె విరిగింది. కొడుకు అళగిరి పరుగున వచ్చి పెళ్లాన్ని జుట్టు పట్టి ఈడ్చాడు.

"ఈ కడుపు మాకొద్దు!" అని కాలెత్తాడు.

నేను అడ్డం పడ్డాను. ఆ తన్ను నా పక్కటెముకల్లో దిగింది. అయినా వాడి మెడ పట్టి పాము మీదికి వంచి, కొడవలితో దాని పేగు చీల్చాను. లోపల అరగని ఎలుక బొచ్చు. దాని చుట్టూ ఆ తెల్లవే. కొన్ని పేగు గోడను కరుచుకుని వేలాడుతున్నాయి.

"చూడరా! పింజర పిల్లకు కండ్లుంటాయి, మచ్చలుంటాయి. నా బావి తవ్వేటప్పుడు ఈనినదాన్ని చూసినవాణ్ణి. ఇవి పురుగులురా! మన పిల్లకాయల కడుపులో పడతాయే, ఆ జాతి."

"పూచ్చియా బావా? వట్టి పురుగులా?" గురువమ్మాళ్ విరిగిన కట్టె వదిలేసింది.

అళగిరి నవ్వినాడు. "సరి, పూచ్చేగదా. లెయ్యి, ఇంటికి పోదాం."

అభిరామి పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. "పురుగులైతే ఇంటికి, పిల్లలై ఉంటే కాటికా?"

వాడు చెయ్యి పట్టబోయాడు. పార తిరగేసి మోకాలి మీద ఒక్కటి వేసింది. వాడు కూలబడి అరిచాడు.

"పెద్దమామా, మీ ఇంట్లో నాకు చోటుందా?"

"ఉంది, రా తల్లీ."

బిడ్డ మా ఇంట్లోనే పుట్టింది. అళగిరి కుంటుకుంటూ వస్తాడు, వాకిట్లో నిలబడతాడు. లోపలికి రమ్మనే మాట అభిరామి చెప్పాలన్నాను. ఆమె ఇంకా చెప్పలేదు.