మెషినావిడ కుట్టిన ఆకాశం

మా వదినకి కోపం రాదని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు, మా ఇంట్లో ఆ శాఖ నాది. గేటు ముందు ఎవరైనా బండి పెట్టినా, పక్కింటి మేడ మీంచి నీళ్ళు మా బట్టల మీద కారినా, వీధిలోకి వెళ్ళి అరిచేది నేనే. వదిన మెషిను మీంచి తలెత్తి, "పోనీలే అమ్మాయ్, నీ గొంతే నొప్పెడుతుంది" అనేది. అలాంటి మనిషి రెండు నెలల పాటు పగని దారపుకండెకి చుట్టుకుని కూర్చుందంటే మొదట నేనే నమ్మలేదు.

వదిన బొంతలు కుడుతుంది. బొంతలంటే కప్పుకుని పడుకునేవి కావు, గోడకి వేలాడదీసేవి. రంగురంగుల గుడ్డముక్కలు కత్తిరించి, ఒకదానికొకటి కలిపి బొమ్మలా చేస్తారు. దాని కింద దూది పొర, దాని కింద అడుగుగుడ్డ. ఆ మూడూ కదలకుండా పైనుంచి కుట్టు పడాలి. ఆ పైకుట్టు వదిన పని. దానికోసం కొన్న పొడుగు మెషిను మా ముందుగదంతా ఆక్రమించింది. అది వచ్చిన రోజు సోఫా వరండాలోకి, టీవీ పడగ్గదిలోకి పోయాయి. మా అన్నయ్య ఏమీ అనలేదు. పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య బతకాల్సినవాడు ఏమంటాడు పాపం.

బొంతని రెండు కడ్డీల మధ్య బిగించి, మెషిను తలకాయని రెండు చేతులతో పట్టుకుని నడిపించేది వదిన. ముందుగా గీసుకునేది కాదు. ఖాళీ గుడ్డ మీద సూది పోతుంటే ఆకుకి ఈనెలొచ్చేవి, గోడకి పగుళ్ళొచ్చేవి. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ గుడ్డ మీద పొద్దున్న లేనిదేదో ఉండేది.

మా లైబ్రరీ పై అంతస్తులో బొంతల సంఘం ఉంది. ఏటా ఒక పోటీ పెడతారు. సభ్యులందరికీ ఒకే గుడ్డ, తలా జానెడు ముక్క ఇస్తారు. అది కనపడేలా వాడి ఎవరికి తోచిన బొంత వాళ్ళు చెయ్యాలి. తర్వాత మూడు రోజుల ప్రదర్శన. తెల్ల గ్లోవ్స్ తొడుక్కున్నవాళ్ళు పక్కన నిలబడి, అడిగినవాళ్ళకి బొంత మూల ఎత్తి వెనక కుట్టు చూపిస్తారు. గ్లోవ్స్ లేకుండా ముట్టుకున్నారో, చంపేసేలా చూస్తారు.

ఆ సంఘానికి పెద్దదిక్కు పెద్దమేడమ్. రిటైరైన హెడ్మిస్ట్రెస్. పోటీకి రూల్సు రాసేది ఆవిడే, ఆరేళ్ళుగా మొదటి బహుమతి పట్టుకుపోయేదీ ఆవిడే. రంగులు ఎంచడంలో ఆవిడ కన్ను గొప్పది, అబద్ధం చెప్పను. కానీ ముక్కలు కలిపేదాకే, పైకుట్టు రాదు. మూడు పొరల మీద తిన్నగా జానెడు కుట్టమంటే సూది వంకరటింకరగా పోతుంది. ఆ ఆరు బొంతల మీదా పైకుట్టు మా వదినది. ఫారంలో పేరు మాత్రం ఆవిడ ఒక్కదానిదే. ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే, "ఆఖర్న మా మెషినావిడ చేత కాస్త కుట్టించానులెండి" అనేది. అలా సంఘంలో మా వదిన పేరు మెషినావిడ అయిపోయింది.

ఒక ఏడాది స్టేజీ మీద జడ్జీ ఒకాయన, "ఈ చెట్టు బెరడు ఉందే, ఇంత సన్నటి కుట్టు ఎలా వేశారండీ?" అని మైకులోనే అడిగాడు. పెద్దమేడమ్ నవ్వి, "ఓపిక ఉండాలండీ" అంది. ఓపికట ఓపిక! ఆ ఓపిక గల మనిషి మూడో వరసలో నా పక్కన కూర్చుని చప్పట్లు కొడుతోంది. నేను లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కిందటేడు వదిన మొదటిసారి సొంతంగా ఒక బొంత పోటీకి పెట్టింది. అందరి పనిలో మిగిలిన ముక్కలు ఏరుకుని, మా వీధిలో వానపడ్డ సాయంత్రాన్ని చేసింది. ఫారం నింపుతూ తన పేరు రెండుసార్లు రాసి చూసుకుంది, అక్షరాలు బాగా రాలేదని. నాలుగు రోజులకి ఆ బొంత ప్లాస్టిక్ కవర్లో వెనక్కొచ్చింది. లోపల పెద్దమేడమ్ సంతకంతో ఒక చీటీ. వృత్తిగా కుట్టేవాళ్ళకి ఈ పోటీలో చోటు లేదట. వృత్తివాళ్ళ చెయ్యి పడిన బొంత ఏదైనా ఇకమీదట పనికిరాదట. పెట్టేవాళ్ళు 'మొత్తం పని నాదే' అని సంతకం చెయ్యాలట.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ చీటీ ఆవిడ మొహాన కొట్టొస్తానని చెప్పులేసుకున్నాను. వదిన ఆ చీటీ మడిచి సూదుల డబ్బాలో పెట్టుకుంది. "తిండికి పిలువు మీ అన్నయ్యని" అంది, అంతే.

ఏడాది తిరిగింది. ఇక మా గుమ్మం తొక్కదు అనుకున్న పెద్దమేడమ్, సంచిలో చుట్టిన కొత్త బొంత పైగుడ్డతో నవ్వుకుంటూ వచ్చింది. ఈసారి పోటీగుడ్డ బురదరంగు. దాన్ని ఒడ్డుగా పెట్టి, పక్కన బూడిదరంగూ నీలమూ కలిసిన నది, పైన సగం గుడ్డంతా ఖాళీ ఆకాశం. "ఈ ఆకాశం నీకే వదిలేశానమ్మా" అంది, ఏదో దానమిచ్చినట్టు.

"పెట్టి వెళ్ళండి మేడమ్," అంది వదిన. "ఈసారి అంతా తెల్ల దారంతోనే కుడతాను. ఈ రంగులకి అదే బావుంటుంది."

"నీ ఇష్టం. నువ్వు చెప్పాక తిరుగేముంది?"

ఆవిడ గేటు దాటిందో లేదో నేను విరుచుకుపడ్డాను. "సిగ్గుందా వదినా నీకు? నీ బొంత కవర్లో తిప్పి పంపిన మనిషి అది! నువ్వు మనిషివా, గుమ్మంలో గోనెపట్టావా, కాళ్ళు తుడుచుకోడానికి?"

"తలుపెయ్యి, దుమ్మొస్తోంది" అంది వదిన.

అప్పట్నుంచి ఇంట్లో కొత్త కట్టడి మొదలైంది. ముందుగదిలోకి కాఫీ తేకూడదు. తడి చేత్తో రాకూడదు. దారపుకండె మూత ఉన్న రేకు డబ్బాలో ఉండాలి. బయట వాన పడితే కిటికీలు బిడాయించేసేది. అన్నయ్య తల తుడుచుకుంటూ గది దాటితే, చాలా ఏళ్ళ తర్వాత వాడి మీద అరిచింది. కానీ కుట్టు మాత్రం ఏమని చెప్పను! ఆకాశం నిండా పిట్టలు. నది నిండా అలలు, అలల్లో ఆ పిట్టల నీడలు విరిగి విరిగి. ఆరేళ్ళలో అలాంటి పని ఆ మెషిను మీద నేను చూడలేదు. నా కడుపు ఇంకా మండింది. ఇంత మంచి పనీ ఆ మహాతల్లికేనా అని మూడు రోజులు వదినతో మాట్లాడలేదు.

నాలుగో రోజు మెషిను సూదిలోంచి దారం ఊడిపోయింది. వదిన పెరట్లో ఉంది. పోనీ ఎక్కించి పెడదామని దారం కొస నోట్లో పెట్టి తడిచేశాను. దారం సూది దాకా రాలేదు. నాలిక మీద జిగురయిపోయింది. ఇంకో కొస లాగి పెట్టాను. అదీ కరిగిపోయింది.

ఆ దారం నాకు తెలుసు. గుడ్డలు కదలకుండా తాత్కాలికంగా కుట్టడానికి వాడతారు. అసలు కుట్టు అయ్యాక నీళ్ళలో ముంచితే ఇది కరిగిపోయి అసలుది మిగులుతుంది. ఇక్కడ అసలు కుట్టే అది. ప్రదర్శనకి ముందు ఏ బొంతనైనా చన్నీళ్ళలో నానబెట్టి, నేల మీద పరిచి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెడతారు, గోడ మీద ముడతలు లేకుండా నిలవాలని. పెద్దమేడమ్ ఆ పని ఎవరికీ ఇవ్వదు, తనే చేసుకుంటుంది.

వెనక్కి తిరిగితే వదిన గుమ్మంలో ఉంది.

"అమ్మ దొంగా!" అన్నాను.

"మీ అన్నయ్యకి చెప్పకు" అంది. "నిద్రలో వాగుతాడు."

"ఆవిడ ఫిర్యాదు చేద్దామన్నా చెయ్యలేదు కదా వదినా! మొత్తం పని నాదే అని సంతకం పెట్టాక, ఎవరు కుట్టారని చెప్పుకుంటుంది?"

"చెప్పుకోదు. దిగమింగుకుని కూర్చుంటుంది. నేను ఆరేళ్ళు కూర్చోలేదూ?"

నాకు గంతులెయ్యాలనిపించింది. అయినా ఒక్కటి అడక్కుండా ఉండలేకపోయాను. "అంత బాగా ఎందుకు కుట్టావు మరి? ఎలాగూ పోయేదేగా?"

"బాగా లేకపోతే విప్పి మళ్ళీ కుట్టమంటుంది" అంది వదిన. తర్వాత కిటికీ వైపు తిరిగి, "మనసొప్పలేదు కూడా" అంది.

బొంత ఇచ్చిన రోజు పెద్దమేడమ్ దాన్ని మా వరండా సోఫా మీద పరిచి చాలాసేపు వంగి చూసింది. డబ్బు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చూశావా, బాగుందన్న మాట కూడా నోటెంట రాలేదు అని పళ్ళు నూరాను నేను.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు, వదిన వెంటనే హాలుకి రావాలని. దిగమింగుకుని కూర్చుంటుందనుకున్న మనిషి నోరు విప్పిందన్నమాట. డాక్టరుకి కడుపునొప్పని చెప్పి నేనూ తయారయ్యాను. ఆ వినోదం వదులుకుంటానా?

హాల్లో బొంతలన్నీ వేలాడుతున్నాయి, ఒక్క చోటు ఖాళీ. బల్ల మీద నీలం బకెట్. అందులో పెద్దమేడమ్ బొంత. అంచు పట్టీ ఆవిడే మామూలు దారంతో కుట్టుకుంది కాబట్టి అది నిలిచింది. లోపల దూదంతా ఒక మూలకి జారి, తడిసిన దిండులా ఉంది. ఆకాశం ఉత్త గుడ్డ.

"ఈవిడే చేసింది!" అని వేలు చూపించింది పెద్దమేడమ్. "కరిగిపోయే దారం పెట్టింది. సంఘంలోంచి తీసెయ్యండి ముందు."

సెక్రటరీ మందుల షాపు మనిషి. చీటీలో ఏముంటే అదే ఇస్తాడు, అదే అంటాడు. ఫారం తీసి చూశాడు. "మొత్తం పని మీదేనని సంతకం ఉంది కదండీ. ఈవిడ మధ్యలోకి ఎలా వచ్చింది?"

హాల్లో గ్లోవ్స్ తొడుక్కుంటున్నవాళ్ళంతా ఆగిపోయారు. పెద్దమేడమ్ పక్కనున్న కుర్చీలో కూలబడింది. నా కడుపు చల్లబడింది. ఇప్పుడు చెప్పు తల్లీ, ఓపిక ఉండాలని చెప్పు!

"దారం పెట్టింది మీరేనా?" అని సెక్రటరీ వదినని అడిగాడు.

"నేనే" అంది వదిన. "ఆ రూలు రాసిన చేత్తోనే ఆవిడ ఆ సంతకం పెడుతుందని తెలిసే పెట్టాను."

"సర్లెండి, ఇద్దరిదీ తప్పే" అన్నాడు సెక్రటరీ, వాచీ చూసుకుంటూ. "అయినా ఇంత గోలెందుకండీ? పైగుడ్డ బాగానే ఉంది. ఎక్కడన్నా నాలుగు గీతలు కుట్టించుకుంటే పోలా?"

"నాలుగు గీతలా?" పెద్దమేడమ్ లేచి నిలబడింది. "నాలుగు గీతలటయ్యా? ఏం తెలుసు నీకు? నలభై మూడు పిట్టలు ఆ ఆకాశంలో! ఒక దాని రెక్క ఇంకో దానికి లేదు. దగ్గరవి పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్నవి, ఆఖరివి మూడేసి కుట్లు, అంతే, అయినా పిట్టలే. నీళ్ళలో వాటి నీడలు నలభై రెండు. నేను తప్పు పట్టుకున్నాననుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. తప్పు కాదు. ఒక పిట్ట ఒడ్డు మీదుగా పోతోంది, దాని నీడ నీళ్ళలో పడదు. ఒడ్డు మీద, ఆ బురదగుడ్డ మీద, గడ్డిలో పడింది నీడ. గడ్డి అక్కడ కాస్త వంగింది. ఎవడికి తడుతుంది ఆ ఆలోచన? ఈవిడకి తప్ప ఎవరికి చేతనవుతుంది?" అని వదిన పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. "ఆరేళ్ళూ ఈవిడే. అన్నీ ఈవిడే. ఈ కుట్టు లేకపోతే నావి ఉత్త గుడ్డముక్కలు." ఆవిడ ఏడుస్తోంది.

నేను ఆ బొంత పక్కనుంచి రెండు నెలలు రోజూ తిరిగాను. ఒక్క పిట్టనీ లెక్కపెట్టలేదు. ఒడ్డు మీద నీడ ఉందని నాకు ఆ రోజే తెలిసింది, అది చెరిగిపోయాక, పగవాళ్ళ నోటి నుంచి. ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు మండిపోయింది. తెలియక చెప్పలేదనుకుంటే క్షమించేదాన్నేమో. ఈవిడకి అంతా తెలుసు. ఆరేళ్ళూ ప్రతి కుట్టూ తెలుసు. తెలిసి నోరు మూసుకుంది.

వదిన కళ్ళల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి, కానీ కారనివ్వలేదు. పెద్దమేడమ్ వదిన చేతులు పట్టుకోబోయింది. "మళ్ళీ కుట్టిపెట్టమ్మా. ఈసారి నీ పేరే ముందు రాస్తాను."

వదిన చేతులు వెనక్కి తీసుకుంది.

"కుట్టను మేడమ్. మీ గుడ్డ మీద నా సూది ఇంక పడదు." తర్వాత సెక్రటరీ వైపు తిరిగింది. "ఇందాక ఆవిడ చెప్పింది రాసుకున్నారా?"

"లేదండీ" అన్నాడాయన. పెన్ను చేతిలోనే ఉంది. "వింటూ ఉండిపోయాను."

వదిన కుర్చీ లాక్కుని పెద్దమేడమ్ ఎదురుగా కూర్చుంది. ఏడుపు ఆగేదాకా చూసింది.

"మళ్ళీ చెప్పండి మేడమ్" అంది. "నా పేరు దగ్గర్నుంచి."