దిగిన లెక్క లేని ట్రాము

మెల్‌బోర్న్‌లో మొదటిసారి ట్రామెక్కి, కార్డు యంత్రానికి తాకించి కూర్చున్నాను. బయట సముద్రం మీది పొగమంచు. లోపల నేనూ, మంకీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయనా, మిగతావన్నీ ఖాళీ సీట్లు.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఆయన పలకరించారు. ఒకప్పుడు గోదావరిఖని గనిలో, ఆయన మాటల్లో బొగ్గుబాయిలో, కార్మికుడట. నాది హుజూరాబాద్ అనగానే మొహం విప్పారింది.

"బిడ్డా, దిగేటప్పుడు గీ కార్డు మల్ల తాకియ్యాల్నా?"

"అవసరం లేదట తాతా."

"మరి మనం దిగినమని దీనికెట్ల ఎరుక?" ఆయన ఖాళీ సీట్ల వైపు చూశారు. "మేం బాయిలకు పోయేటప్పుడు ఇత్తడి బిళ్ల తీస్కొని, బయటికొచ్చినంక వాపస్ ఇస్తుంటిమి. బిళ్ల రాలేదంటే మనిషి లోపల్నే ఉన్నట్టు. మా తమ్మునిది రానేరాలే. గీ బండి లెక్కల ఎక్కినోళ్లందరు ఇంక గీడనే ఉన్నరు."

ఆ తర్వాత ఆ సీట్ల వైపు నేను చూడలేకపోయాను.

ఆఖరి స్టాపులో నేను ముందు దిగాను. ఆయన తలుపు దగ్గర ఆగి కార్డు తాకించారు. యంత్రం కీచుమంది. మళ్లీ తాకించారు.

"ఇది మా తమ్మునిది."

కిందికి దిగాక, వెనక ఇంకెవరో దిగుతున్నట్టు ఆయన కాస్త పక్కకు జరిగి నిలబడ్డారు. నేనూ జరిగాను.