చివరింటి ముందు బురదనీళ్లు

మా ఆయనది నీళ్ల శాఖలో ఉద్యోగం. వీధి చివర వాల్వు తిప్పి, గొట్టాల్లో పేరుకున్న తుప్పూ మట్టీ కొట్టుకుపోయేదాకా నీళ్లు రోడ్డు మీదికి వదలడం ఆయన పని. జనానికి కనిపించేది మాత్రం వృథాగా పోయే నీళ్లే. అందుకే ‘బురదనీళ్లాయన’ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ల నోళ్లు పడిపోను! ఆయన నవ్వి ఊరుకుంటారు. నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకున్నాక నా నోరు పెద్దదవక ఏమవుతుంది?

వాళ్ల అక్క, అంటే మా వదిన, మాట ఆయన అస్సలు జవదాటరు. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఆవిడది ఓ వీధిలో చివరిల్లు. వాల్వు సరిగ్గా ఆ గుమ్మం ముందే ఉంది.

కిందటి ఎండాకాలం, కుళాయిలు సన్నగా వస్తున్న రోజుల్లో, ఆయన అక్కడ వాల్వు తిప్పారు. ఎర్రటి నీళ్లు రోడ్డంతా పరుచుకున్నాయి. ఖాళీ బకెట్లు పట్టుకుని వీధి వీధంతా ఆయన మీద పడింది. అందరికంటే పైకి లేచిన గొంతు మా వదినదే.

“ఆపరా బాబూ! పదిమందిలో నా పరువు గంగలో కలుపుతున్నావు.”

“ఇంకాసేపే అక్కా. నీళ్లు తేటపడాలి.”

“నా మీద ఒట్టు, కట్టెయ్!”

కట్టేశారు. ఈ పనిలో సగంలో ఆపడమంత తప్పు ఇంకొకటి లేదట. కదిలించకపోతే మట్టి అడుగునే పడి ఉంటుంది. కదిలించి కట్టేస్తే వీధి మురికంతా చివరింటి కుళాయిలోకి చేరుతుంది. “మరిగించి తాగు అక్కా” అని మాత్రం చెప్పి వచ్చారు. వదిన గుడ్డతో వడగట్టి ఊరుకుంది.

వదిన భర్త, నాకు అన్నయ్య వరస, అప్పుడే ఆపరేషన్ అయి ఇంటికి చేరారు. వాంతులు, విరేచనాలతో మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు. నీళ్ల వల్లేనన్నారు డాక్టరు. ప్రాణం దక్కింది గానీ మనిషి మంచం దిగలేదు. వదిన డాక్టర్లను తిట్టింది, నీళ్ల శాఖను తిట్టింది. మా ఆయన పక్కనే కూర్చుని అన్నీ విన్నారు. “ఆపమన్నది మీరేగా వదినా” అని నోటిదాకా వచ్చింది. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కారు.

“కట్టింది నా చెయ్యేగా, అక్కనెందుకంటావు?” అన్నారు ఇంటికొచ్చాక. ఆ పూట అన్నం ముట్టలేదు.

మొన్న మళ్లీ ఆ వీధి వంతు వచ్చింది. నేను వదిన వాళ్లింట్లో అన్నయ్యకు మందు తాగిస్తున్నాను. బయట గోల మొదలైంది. గుమ్మంలోకి వచ్చి చూస్తే అవే ఎర్రటి నీళ్లు, అవే బకెట్లు. వదిన నన్ను తోసుకుని ముందుకు వచ్చింది.

“మళ్లీ మొదలెట్టావా! ఆపరా! నా మాట వినవా?”

ఆయన వాల్వు మీద నుంచి చెయ్యి తీయలేదు. తల కూడా ఎత్తలేదు.

“కిందటిసారి విన్నానుగా అక్కా.”

లోపల అన్నయ్య దగ్గుతున్నారు. వదిన మంచం వైపు చూసింది, రోడ్డు మీది నీళ్ల వైపు చూసింది. అలాగే గడప మీద కూలబడింది.

“ఇన్నాళ్లూ చెప్పలేదేంరా?”

నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“ఏమండీ, మీ తమ్ముడేగా, ఆపమనండి!” అని ఎవరో అరిచారు.

వదిన ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.