ఎత్తిపోతల దగ్గర నాయనమ్మ విన్న పిలుపు

తడిసిన రాతి వాసన ఎక్కడ తగిలినా నాకు ఎత్తిపోతల లోయ గుర్తొస్తుంది. సాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. నాకు ఏడేళ్లు. పత్తి చేలో కలుపుతీత అయ్యాక నాన్న బండి కట్టి నన్నూ నాయనమ్మనూ జలపాతం చూపించడానికి తీసుకెళ్లాడు. నేను పుట్టకముందే నాయనమ్మకు చెవులు పోయాయి. ఆకాశం ఉరిమినా తల తిప్పేది కాదు.

లోయ అంచున చెట్లు చిక్కగా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నమైనా అక్కడ చీకటిగా, చలిగా ఉంది. నీళ్లు కింద పడే హోరు తప్ప పిట్ట కూత కూడా లేదు. నాయనమ్మ చెప్పులు విడిచి బండమీద కాలు పెట్టి, అలాగే ఆగిపోయింది.

"ఎవరో పిలుస్తన్నారే," అంది నాతో.

ఎవరూ లేరని చెయ్యి అడ్డంగా ఊపాను. ఆమె నా వైపు చూడలేదు.

"వస్తన్నా, వస్తన్నా," అంటూ అంచుకేసి నడిచింది.

నేను కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూ ఏడ్చాను. నాన్న పరుగున వచ్చి ఆమెను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె మొహంలో భయం లేదు. సంబరం ఉంది.

చనిపోయిన తాతయ్యే నీళ్లలోంచి పిలిచాడనుకున్నాను. మళ్లీ పిలిస్తే వెళ్లిపోతుందేమోనని చాలా రోజులు ఆమె కొంగు నా వేలికి ముడేసుకుని పడుకున్నాను.

నీళ్ల అదురు బండలోంచి ఆమె పాదాలకు తగిలిందని పెద్దయ్యాక అర్థమైంది. దాన్ని పిలుపని ఎందుకనుకుందో ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఎలాగూ వినపడదని ఇంట్లో మేమెవ్వరం ఆమెను నోరారా పిలిచేవాళ్లం కాదు. పనుంటే భుజం తట్టేవాళ్లం.