చర్చి గేటు మీద అమెరికా గాడిద

మా చర్చి గేటుకి గాడిద బొమ్మ కట్టించిన మహానుభావుణ్ణి నేనే. కట్టించి నోరు మూసుకున్నా బావుండేది. ఎందుకు కట్టించానో నిండు సంఘంలో లేచి నిలబడి, ఎవరూ అడక్కుండానే, నా నోటితో నేనే చెప్పాను. ఆ ఆదివారం నాకు జరిగిన మర్యాద ఇంకొకరికి జరిగి ఉంటే సామాను సర్దుకుని చింతలపూడిలో కాపురం పెట్టేవారు. నాకు సిగ్గు కొంచెం తక్కువ కాబట్టి ఇక్కడే ఉండి మీకు చెబుతున్నాను.

మాది రెడ్డిగూడెం దగ్గర, మామిడితోటల మధ్య ఊరు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారుని. అది నా ఉద్యోగం మాత్రమే. నా గొప్ప వేరే ఉంది. మా చర్చికి విదేశాల నుంచి ఎవరొచ్చి మాట్లాడినా పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. వాళ్ళు చెయ్యి ఎత్తితే నేనూ ఎత్తేవాణ్ణి. వాళ్ళు గొంతు పెంచితే నేను ఇంకాస్త పెంచేవాణ్ణి. అర్థంకాని వాక్యం వచ్చిందా, "దేవుడు ప్రేమామయుడు" అని సర్దేసేవాణ్ణి. దేవుడు ప్రేమామయుడన్న సంగతి మా సంఘం విన్నన్ని సార్లు కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇంకే సంఘమూ విని ఉండదు.

ఆ వేసవిలో పాస్టరుగారు పిలిపించారు.

"మాస్టారూ, అమెరికా నుంచి వాల్టర్ గారని ఒక పెద్దాయన వస్తున్నారండీ. నల్లజాతి ఆయన. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారట. వాళ్ళ చర్చిలో సంఘపెద్ద."

"చాలా సంతోషం అయ్యగారూ. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాస్టరుగారు కళ్ళజోడు తుడిచారంటే ఎవరికో మూడిందని లెక్క.

"తర్జుమా ఈసారి సుధాకర్ చేస్తాడండీ. మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

సుధాకర్ నా తోడల్లుడు. మా ఆవిడ కరుణ చెల్లెలి భర్త. తోడల్లుడంటే ఏంటో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకే వరసలో కూర్చోబెట్టి, మనకి మెడముక్క వేసి అతనికి తొడముక్క వెయ్యడానికి, అత్తగారు కోరి వెతికి తెచ్చుకున్న మనిషి. ఈ సుధాకర్ నూజివీడులో మామిడికాయలు పైదేశాలకు పంపే వ్యాపారం చేస్తాడు. ఫోనులో అక్కడివాళ్ళకి ఇంగ్లీషులో జోకులేసి నవ్విస్తాడు. నేను క్లాసులో ఇంగ్లీషు జోకు వేస్తే పిల్లలు నోట్సు రాసుకుంటారు. పైగా మంచివాడు. అక్కడే నాకు మండేది. చెడ్డవాడి మీద కుళ్ళుకుంటే నలుగురూ మన వైపు ఉంటారు. మంచివాడి మీద కుళ్ళు ఒంటరిగా మొయ్యాలి.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను.

"ఏవండీ, పప్పుని అలా కెలుకుతారేంటి? అందులో ఏమన్నా పోయిందా?"

"నా చోటు పోయింది కరుణా."

"మా మరిది ఒక్కసారి చేస్తే ఏం పోతుందండీ? అతని ఇంగ్లీషు నీళ్ళు తాగినట్టుంటుందని అమ్మ కూడా అంటుంది."

మీ అమ్మ అనకపోతే ఇంకెవరంటారు అని మనసులో అనుకుని మజ్జిగ తాగేశాను. ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఆ అమెరికా ఆయన నన్ను చూసి, "ఇంత తెలిసినవాణ్ణి వదిలేసి ఆ కాయల వ్యాపారిని పెట్టారేంటి?" అనాలి. నా చోటు నాకు రావాలి.

నాకు తెలిసిందేంటంటే అమెరికా ఎన్నికలు. ఆ ఏడాది వాళ్ళకి అధ్యక్ష ఎన్నికలున్నాయి. యూట్యూబులో చూసి చూసి నేను సగం అమెరికా పౌరుణ్ణి అయిపోయాను. అక్కడ ఉన్నవి రెండు పెద్ద పార్టీలు. ఒకదాని బొమ్మ గాడిద, ఒకదానిది ఏనుగు. నల్లజాతి ఓట్లు గాడిద పార్టీవి. అంతే, నా చదువు అక్కడితో పూర్తి. మన దగ్గర ఎవరైనా ఫలానా పార్టీ మనిషని తెలిస్తే ఏం చేస్తాం? ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో పక్కన ఆ గుర్తు వేసి గౌరవిస్తాం. నేనూ అదే చేద్దామనుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే దేవుడు క్షమించడు. ఆ వేసవిలోనే మన ఎన్నికలూ వచ్చాయి. ఒక నాయకుడు మా పేటకొచ్చి, కారు కూడా దిగకుండా, "మీ చర్చి ఓట్లు ఎటూ మావేగా" అని అద్దం ఎత్తబోయాడు. నేను కారుకి అడ్డం నిలబడ్డాను. "ఏంటండీ, మేమేమన్నా పూత మీద బేరమైపోయిన తోటలా కనపడుతున్నామా?" అని కేకలేశాను. మా వైపు చెట్టు పూతలో ఉండగానే వ్యాపారి వచ్చి కాపు మొత్తానికి బేరం కుదుర్చుకుపోతాడు. ఆ తర్వాత చెట్టుని పలకరించేవాడుండడు. ఆ మాటకి పేటంతా నన్ను మెచ్చుకుంది. ఈ సంగతి మీరు మర్చిపోకండి. నేను నెల తిరక్కుండానే మర్చిపోయాను.

నూజివీడు వెళ్ళి ఫ్లెక్సీ షాపు నాగరాజుని కలిశాను.

"గాడిదా? చర్చి ఫంక్షనుకి గాడిదేంటండీ మాస్టారూ?"

"అది అమెరికా రాజకీయంలే. నీకు చెప్పినా అర్థం కాదు."

"పోనీ గుర్రం వేద్దామండీ. లుక్కు బావుంటది."

"గుర్రం వేస్తే నా పరువు పోతుందయ్యా."

చూశారా, గాడిదతో నా పరువు నిలబడుతుందని నా నమ్మకం. నాగరాజు ఎక్కడినుంచో పళ్ళు ఇకిలించే గాడిదను తెచ్చి వేశాడు. ఎడమపక్క వాల్టర్ గారు, కుడిపక్క దణ్ణం పెడుతూ నేను, మధ్యలో గాడిద. అది ఆయన తాలూకో, నా తాలూకో చూసినవాళ్ళు తేల్చుకోవాల్సిందే. సుధాకర్ ఫొటో వెయ్యలేదు. చోటు లేదని నాగరాజుకి చెప్పాను. చోటుంది. చెట్టు కొమ్మా, రెండు పావురాలూ పట్టాయి అందులో.

ఆదివారం పొద్దున్నే గేటుకి కట్టించాను. కారు ఆగింది. సుధాకర్ ముందు దిగి తలుపు తీశాడు. వాల్టర్ గారు దిగారు. నిండైన మనిషి, నెరిసిన గడ్డం. అంతకుముందు మా చర్చికి వచ్చినవాళ్ళంతా తెల్లదొరలే. ముందువరసలో కూర్చునే మార్తమ్మ పెద్దమ్మ ఆయన్ని చూసి, "అచ్చం మా పెద్దన్నయ్యలా ఉన్నాడే తల్లీ!" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన దండ వేయించుకుని నవ్వుతూ తలెత్తి ఫ్లెక్సీ చూశారు. నవ్వు ఆగింది.

"మాస్టారూ, ఇదేంటండీ?" పాస్టరుగారు నా మోచెయ్యి పట్టుకుని లాగారు. "అతిథి పక్కన గాడిదని పెట్టారేంటి?"

నేను జవాబు చెప్పేలోపే సుధాకర్ అతిథి చెవిలో ఏదో చెప్పాడు. వాల్టర్ గారి ముఖం వెలిగిపోయింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని గాడిదకు తలవంచి లోపలికి నడిచారు.

"ఏం చెప్పావు సుధాకర్?" అడిగారు పాస్టరుగారు.

"ప్రభువు యెరూషలేములోకి గాడిద మీద వచ్చాడు కదండీ. అందుకని ప్రభువు సేవకులొస్తే మా దగ్గర ఇలా పెట్టి గౌరవిస్తామని చెప్పానండీ." నా వైపు తిరిగి మెల్లగా, "సర్దేశాను అన్నయ్యగారూ, మీరేం కంగారుపడకండి," అన్నాడు.

బుద్ధున్నవాడైతే ఆ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది. నన్ను కాపాడటానికి వీడెవడు?

అయినా తమాయించుకుని కూర్చున్నాను. వాల్టర్ గారు మాట మొదలుపెట్టడమే ఆ గాడిదతో మొదలుపెట్టారు. ఎన్నో చోట్ల తిరిగాననీ, ఇంత వినయమైన గౌరవం ఎక్కడా చూడలేదనీ అన్నారు. సుధాకర్ దాన్ని పాటలా తెలుగులో చెప్పాడు. ఆడవాళ్ళ వరసలోంచి మా అత్తగారి గొంతు వినపడింది.

"ఇది మా చిన్నల్లుడి ఆలోచనే అయ్యుంటది. పెద్దల్లుడికి అంత తెలివెక్కడిది?"

ఇంకేముంది, లేచాను. కరుణ అటు వరసలోంచే "ఏవండీ, కూర్చోండి!" అంటూ చేతులు ఊపుతోంది. సుడిగాలిని తాటాకు విసనకర్రతో ఆపినట్టుంది.

"సార్!" అన్నాను. "నాట్ జీసస్ డాంకీ! యువర్ పార్టీ డాంకీ! ఆల్ బ్లాక్ పీపుల్ ఓట్, ఓన్లీ డాంకీ! మై ఐడియా సార్!"

వాల్టర్ గారు కదలకుండా చూశారు. సుధాకర్ నా వైపు జాలిగా చూశాడు.

"అన్నయ్యగారూ, ఇది కూడా తెలుగులో చెప్పమంటారా?"

"చెప్పు! ఒక్క ముక్క వదలకుండా చెప్పు!"

చెప్పాడు. "అది ప్రభువు గాడిద కాదటండీ. వాల్టర్ గారి పార్టీ గాడిదట. నల్లవాళ్ళందరూ దానికే ఓటేస్తారట. ఆలోచన మా అన్నయ్యగారిదట."

నా ఇంగ్లీషుని నా ఊరివాళ్ళకి నా తోడల్లుడు విడమరిచి చెబుతుంటే అప్పుడు తెలిసింది, నేనేమన్నానో. మార్తమ్మ పెద్దమ్మ వెనక్కి నా వైపు తిరిగింది.

"ఒరే ప్రసాదూ, మీ ఓట్లు మావేగా అన్నాడని మొన్న ఆ కారాయన మీదికి పోయింది నువ్వా, ఇంకెవరన్నానా?"

వాల్టర్ గారు ఆవిడేమందని అడిగారు. సుధాకర్ ఆ కారు సంగతీ, పూత మీద బేరం సంగతీ అన్నీ చెప్పాడు. ఆయన విని, గడ్డం నిమురుకుని మాట్లాడారు. సుధాకర్ వెంటవెంటనే తెలుగులో చెప్పాడు.

"మా తాత ఏనుగు మనిషి. బానిసత్వం రద్దు చేసిన అధ్యక్షుడి పార్టీ అని చచ్చేదాకా దాన్ని వదల్లేదు. మా అమ్మ గాడిద మనిషి. మావాళ్ళు ఓటు కోసం దెబ్బలు తిన్న రోజుల్లో ఓటుహక్కు చట్టం మీద సంతకం పెట్టింది ఆ పార్టీ అధ్యక్షుడని. మా తమ్ముడు మళ్ళీ ఏనుగు దగ్గరికి పోయాడు. ఎన్నికల ఏడాది మా అమ్మ భోజనాల బల్ల దగ్గర పార్టీ మాటెత్తినవాడికి కూర వడ్డించదు."

"మరి నువ్వు నాయనా?" అంది మార్తమ్మ పెద్దమ్మ.

"నేను ఎక్కువసార్లు గాడిదకే వేశానమ్మా. మావాళ్ళలో ఎక్కువమంది అంతే. కానీ ప్రతిసారీ ఆలోచించుకుని వేశాను. గాడిదవాళ్ళు ఎన్నికలప్పుడు మా చర్చికొచ్చి, మా పాటలకి తాళం తప్పి చప్పట్లు కొట్టి, కోడి వేపుడు తిని పోతారు. మేం ఎటూ వాళ్ళ జేబులో ఉన్నామని ధీమా. ఏనుగువాళ్ళు మా ఓట్లు ఎటూ పడవని అసలు రానే రారు. ఈ మధ్యలో మా వీధికొచ్చే బస్సు ఆగిపోయింది. నేను నడిపిన బస్సే. దాని గురించి అడిగినవాడు లేడు. ఈ మాస్టారు నా ఓటు ఇంచుమించు సరిగానే చెప్పారు. నన్ను మాత్రం అడగలేదు."

"మాకూ సాయంత్రం బస్సు తీసేశారండీ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. సుధాకర్ అదీ ఇంగ్లీషులో చెప్పాడు. వాల్టర్ గారు "ఆమెన్" అన్నారు. ఆరాధన కాస్తా బస్సుల మీద మీటింగైంది.

అంత తలదించుకున్న క్షణంలో నా మనసులో ఏముందో చెప్పనా? పశ్చాత్తాపం ఉంది, కాదనను. దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. వీడెంత బాగా చెబుతున్నాడ్రా! ఒక్కసారి కూడా "దేవుడు ప్రేమామయుడు" వాడలేదు!

ఆరాధన అయ్యాక వెళ్ళి "ఐ యామ్ వెరీ సారీ సార్" అన్నాను. అది మాత్రం ఎవరి సాయం లేకుండా ఆయనకి అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేశారు. భోజనం నూజివీడులో సుధాకర్ ఇంట్లో, ఏసీ గదిలో ఏర్పాటు చేశారు. వాల్టర్ గారు తల అడ్డంగా ఊపారు.

"అన్నయ్యగారూ, ఆయన మీ ఇంట్లోనే తింటారట," అన్నాడు సుధాకర్. "మీరు అడగకుండా వదిలేసినవన్నీ కూర్చోబెట్టి అడిగించుకుంటారట."

నాకు ఒక్క క్షణంలో ప్రాణం లేచొచ్చింది. గెలిచాను! గాడిదే గెలిపించింది! అత్తగారి వైపు ఒక చూపు చూసి ఇంటికి పరిగెత్తాను.

"ఏవండీ, ఇంట్లో పప్పూ, చిన్నరసం మామిడిపళ్ళూ తప్ప ఏమీ లేవు!" అంది కరుణ.

కోడికూర సుధాకర్ ఇంటినుంచే వచ్చింది. పలావూ అక్కడినుంచే. టేబుల్ ఫ్యాను కూడా. పోనివ్వండి, అతిథి నా ఇంట్లో ఉన్నాడు, నా ఎదురుగా కూర్చున్నాడు. చిన్నరసాన్ని ఎలా పిసికి, తొడిమ దగ్గర కొరికి, జుర్రుకోవాలో నేనే చూపించాను. ఆయన గడ్డమంతా రసమైంది. ఇదే అదననుకుని గొంతు సవరించుకుని నా మొదటి ప్రశ్న వేశాను. పెద్ద ప్రశ్న. పార్టీ మనిషిని నమ్ముకోవాలా, మనిషి పార్టీని నమ్ముకోవాలా అని, నాకొచ్చిన ఇంగ్లీషంతా పెట్టి అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యమధ్య తల ఊపారు. నేను ముగించాక పక్కకి ఒరిగి సుధాకర్ చెవిలో ఏదో అన్నారు.

"ఏమంటున్నారు?"

సుధాకర్ పండు కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. "మీరేమన్నారో కాస్త ఇంగ్లీషులో చెప్పమంటున్నారు అన్నయ్యగారూ."

ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. నేను ఇంగ్లీషులో అడగడం, మా ఇద్దరి మధ్యా కూర్చుని నా తోడల్లుడు దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చెయ్యడం, ఆయన కళ్ళు మెరిసి జవాబు చెప్పడం. చాలా మంచి సంభాషణ అని అందరూ అన్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, పాస్టరుగారికి వినపడేలా, కరుణ ఎదురుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒక మనిషి రంగు చూసో, పేట చూసో, చర్చి చూసో అతని ఓటు ఎటు పోతుందో చెప్పను. చెప్పబుద్ధయితే మామిడిటెంక నోట్లో పెట్టుకుంటాను. తెలుసుకోవాలనిపిస్తే అడుగుతాను. చెప్పనంటే ఊరుకుంటాను. నాలుగు కాళ్ళున్న దేన్నీ ఫ్లెక్సీ ఎక్కించను. తోడల్లుడి మీద ఇంకెప్పుడూ కుళ్ళుకోను అని కూడా రాయబోయాను. కానీ మొన్న ఆదివారం సుధాకర్ కొత్త కారులో చర్చికొచ్చాడు. ఆ వాక్యం ప్రస్తుతానికి ఆపుకున్నాను.