సిద్దక్క వాకిట్లో కుక్కపిల్లకు పెట్టిన జున్ను

సిద్దక్క పోయి రెండేళ్లయింది. ఆమె పేరు చెబితే చుట్టుపక్కల గొర్రెల కాపరులకు తెలిసినంతగా మా ఎమ్మిగనూరులో తెలియదు. పద్దెనిమిదేళ్లు మా పక్కింట్లో ఉన్నా, ఆమె ఏం పని చేసుకుని బతికేదో మా వీధి ఆడవాళ్లెవరూ సరిగా అడగలేదు. నేను అడిగాను. నాకు అడగకుండా ఉండటం చేతకాదు. అన్నీ అడిగి చెప్పించుకుని కూడా నేను చేసిన పని గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మగడు మందతో ఊళ్లు తిరిగేవాడు. ఒక వానకాలం చలిజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మరుదులు మందను పంచుకుని, ఆమెకొక గొంగడినీ ఈనిన కుక్కనూ వదిలి పోయారు. ఆ కుక్క పిల్లలను ఆమె సాకిన తీరు చూసి ఒక కాపరి తన కుక్కపిల్లను తెచ్చి అప్పగించాడు. అక్కడ మొదలైంది. మంద రోజుకు ఆమడ దూరం నడుస్తుంది. పాలు మరిచిన పిల్ల అంత నడవలేదు. అందుకని కాపరులు మంచి పిల్లను ఏరి సిద్దక్క దగ్గర వదిలేవారు. నాలుగైదు నెలలు పెంచి, మంద వెంట నడిచేలా చేసి ఇస్తే ఒక గొర్రెపిల్ల, కొంత ఉన్ని. ఆమె బతుకంతా దానిమీదే.

కాలవ నీళ్లు వచ్చి మా చేలు వరిమళ్లయిన నాలుగో ఏడు అది. కోతలయ్యాక ఎరువు కోసం మళ్లలో గొర్రెల మందను పడుకోబెట్టించేవాళ్లం. హులిగప్ప అనే కాపరి ఏటా మా మళ్లకు వచ్చేవాడు. ఆ ఏడు అతను పోతూ పోతూ నెలా పది రోజుల నల్లపిల్లనొకదాన్ని సిద్దక్క వాకిట్లో దించాడు.

మా రెండిళ్ల పెరళ్లకు నడుమ నడుమెత్తు గోడ. నేను గోడమీద మోచేతులు ఆనించాను.

"దినానికి ఎన్ని పూట్లు పెడ్తావే సిద్దీ?"

"నాలుగమ్మా. పాలు పితికే పొద్దుకొకటి, కూలోళ్లు మడికి పొయ్యే పొద్దుకొకటి, నీడ కాళ్ల కిందికి వచ్చినాక ఒకటి, దీపం పెట్టేటప్పుడు ఒకటి. మూడో నెల నిండితే మూడు పూట్లు. ఆరు దాటితే రెండే."

"ఏంది పెడ్తావ్?"

"పల్చగా రాగంబలి, మేకపాలు కలిపి. ఇంక పది దినాలు పోతే జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి మెదిపి పెడ్తా. కొత్తది యాదైనా సరే, పాతదాంట్లో ఒక పిడికెడే కలపాల. బెల్లం, ఉప్పు, కారం తగలగూడదు."

"అంతేనా? ఎముకలు లెక్కబెట్టొచ్చు గదే దీనికి!"

"ఎముకలు గాదమ్మా సూసేది, కడుపు." తిన్న పిల్లను వెల్లకిలా తిప్పి కడుపు మీద అరచెయ్యి పెట్టి చూపించింది. "ఇట్ల మెత్తగా ఉండాల. డోలు మాదిరి బిగిసిందంటే ఎక్కువైనట్టు."

చిప్పలో ఇంకా తడి ఉండగానే ఆమె లాగేసేది. పిల్ల కుయ్యోమని చిప్ప వెంట పరుగెత్తేది. చూస్తుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. మా ఇంట్లో వద్దన్నవాళ్లకు కూడా ఇంకో గరిటె వేస్తాం. సిద్దక్క చేయి పొదుపు చేయి అనీ, పేదరికం పిల్లమీద చూపిస్తోందనీ అనుకున్నాను. వీధిలో ఒకరిద్దరితో అన్నాను కూడా.

పది రోజులకు మా బర్రె ఈనింది. జున్ను వండితే వీధిలో ఇల్లిల్లూ పంచాలి. ఇంకోటి మా అత్తగారు నేర్పింది: జున్ను గిన్నెను చూసిన నోటికి పెట్టకుండా పోతే బర్రె పొదుగుకు దిష్టి కొడుతుంది. సిద్దక్క వాటా ఆమెకిచ్చాను. గోడ కింద పిల్ల నాలుక బయటపెట్టి గిన్నెవంకే చూస్తోంది.

"దీనికో?"

"అయ్యో, వద్దమ్మా. దానికి పడదు."

సరేనన్నాను. ఆమె గడ్డికి వెళ్లాక మళ్లీ గోడ దగ్గరికి వచ్చాను. పిల్ల అక్కడే ఉంది. పొదుగుకు దిష్టి అని మనసుకు చెప్పుకుని కొంచెం పెట్టాను. అది వేళ్లు కూడా నాకింది. మర్నాడు నా గాజుల చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చింది. సిద్దక్క కంటే నేనంటేనే దానికి ఇష్టమైందని నాకు ఒకటే సంబరం. మూడో రోజూ పెట్టాను. దిష్టి మాట ఆరోజు గుర్తుకు కూడా రాలేదు.

నాలుగో రోజు పిల్ల లేవలేదు. వాకిలంతా నీళ్ల విరేచనాలు. సిద్దక్క పక్కన కూర్చుని చేసినవన్నీ ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటోంది: అంబలి కాచిన కుండ, మేకపాలు, నిన్న కొత్తగా కలిపిన రొట్టె. అంతకు ముందు ఏడు ఒక పిల్ల ఆమె చేతిలో పోయింది. అది ఊరి కుక్కలన్నిటికీ వచ్చిన రోగమే అయినా కాపరులు గొణిగారు. ఇప్పుడు ఇదీ పోతే ఇంక ఎవరూ పిల్లను ఆమె చేతికివ్వరు. అది నాకూ తెలుసు.

ఆమె తలెత్తి నన్నడిగింది: "నేను యాడ తప్పు చేసినానంటావమ్మా?"

నోటిదాకా వచ్చిన మాట మింగి, "పిండి పాతదేమో చూడు," అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయి, జొన్నపిండి చేటతో తెచ్చి కోళ్లకు పోసేసింది. అది కుక్కకు ఒక్కదానికే కాదు, ఆమెకు కూడా వారానికి సరిపోయే పిండి. నేను గోడ ఇవతల నిలబడి కోళ్లు తినడం చూశాను.

ఒక పూటంతా పిల్లకు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. తర్వాత గంజి తేట, ఉప్పు రవ్వంత వేసి, గుడ్డ ముంచి నోట్లో పిండుతూ కూర్చుంది. కాసేపాగి మళ్లీ. అలా ఐదు రోజులు చేశాక పిల్ల తల నిలబెట్టింది. బతికిందనుకుని నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఇంక చెప్పనక్కర్లేదనుకున్నాను.

వారం తిరక్కుండా హులిగప్ప వచ్చాడు. మా ఆయన సుబ్బరామి, మంద పడుకోబెట్టాల్సిన కొత్త మళ్ల మాట మాట్లాడేందుకు అతన్ని సిద్దక్క వాకిట్లోనే కలిశాడు. ఆయన వెంట నేనూ వెళ్లాను. ఎదురింటి నాగక్కా వచ్చి చేరింది. హులిగప్ప పిల్లను మెడ పట్టి ఎత్తి బరువు చూశాడు.

"సిద్దవ్వా, ఇది మంద ఎనక నడుస్తాదా? దీన్ని నేనే మోయాల. పోయిన యేడు ఒకటి, ఈ యేడు ఇదొకటి. ఇంక కంప్లిలో యెవరికన్నా ఇస్తాలే."

"పిండి చెడిందంటప్పా," అంది నాగక్క. "పాపం, సూపు ఆనదు ఆమెకు."

సిద్దక్క వంగి పిల్ల చిప్పను చేతిలోకి తీసుకుంది. నేను ముందుకు జరిగాను.

"హులిగప్పా, తప్పు నాది," అన్నాను. "దానికి జున్ను పెట్టింది నేను."

అతను పెద్దగా నవ్వాడు. "బిడు తాయీ, వదిలెయ్ తల్లీ! పక్కింటి ముసలామె మర్యాద నిలబెట్టల్లని నీ నెత్తిన ఏసుకుంటాండావు. దొడ్డ మనసు నీది."

"మా లక్ష్మమ్మ ఎప్పుడూ అంతేనప్పా," అని నాగక్క నన్ను చూపిస్తూ వంత పాడింది. మా ఆయన మీసం కింద ముసిముసిగా నవ్వుకున్నాడు.

చెప్పేశాను కదా, నమ్మకపోతే నేనేం చేసేదనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ క్షణం హాయిగా కూడా ఉంది.

అప్పుడు సిద్దక్క నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎన్ని దినాలు పెట్టితివమ్మా?"

"మూడు."

"ఏ పొద్దు?"

"నువ్వు గడ్డికి పొయ్యే పొద్దు."

"ఎంత?"

చేత్తో చూపించాను.

"చెయ్యి గాదు. నోటితో చెప్పు, ఆయప్పకు ఇనపడేట్టు."

"మొదటి దినం నిమ్మకాయంత. రెండోనాడు దోసెడు. మూడోనాడు... గిన్నె గోకి పెట్టినా."

"బెల్లమేసింటివా?"

"వేసినా. మిరియాలు కూడా."

"నేను వద్దంటినా లేదా?"

"అంటివి."

"పిండి పాతదన్నది యెవరు?"

"నేనే."

ఎవరూ నవ్వలేదు. హులిగప్ప పిల్లను మెల్లిగా కింద దించాడు. నన్ను మళ్లీ తాయీ అనలేదు, నావైపు చూడనేలేదు. "ఇంకో రెండు నెలలు పెట్టుకో సిద్దవ్వా. నడిచినప్పుడే తీసుకపోతా," అన్నాడు. "తిండి పెట్టేటప్పుడు మాత్రం వాకిలి ఏసుకో."

మా ఆయన, "ఇంటికి పా," అని ముందు నడిచాడు. మా గడప దాటుతూ ఒక్కటే అన్నాడు: "ఊళ్లో అందరి పొయ్యిమీదిదీ అడిగేదానివి. ఆమెను ఒక్క మాట అడగకపోతివా?"

"అడిగినా. చెప్పింది," అన్నాను.

ఆ సాయంత్రం రెండు శేర్ల జొన్నపిండి తీసుకుని వెళ్లాను. విసిరికొడుతుందేమోనని భయపడ్డాను. ఆమె వాకిట్లోనే చేట పట్టింది. "పారబోసింది పిండే గదా, పిండి తీసుకుంటా," అంది. లోపలికి రమ్మనలేదు. ఆ నల్లపిల్ల నాలుగో నెల దాటాక హులిగప్ప మంద వెనకే తోక ఎత్తి నడిచి పోయింది. తర్వాత ఏడేళ్లూ సిద్దక్క వాకిట్లో ఏదో ఒక కుక్కపిల్ల ఉంటూనే ఉండేది.

ఆమె పోయే ముందటి ఏడు, సిరుగుప్ప వైపు నుంచి ఒక కుర్ర కాపరి చంకలో కుక్కపిల్లతో మా వీధిలోకి వచ్చాడు. అరుగు మీద నేనే కూర్చుని ఉన్నాను.

"అవ్వా, కుక్కల సిద్దవ్వ ఇల్లు యాడుండాది? పక్కింట్లో కుక్కపిల్లలకు జున్ను పెట్టే ఆయమ్మ ఒకామె ఉండాదంట గదా, ఆ పక్కదే అన్నారు."

లేచి చేయెత్తి ఇల్లు చూపించాను.